క్లిప్పుల కాలం

1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో శ్రీకాకుళం జిల్లా పల్లెల గురించి ఒక పరిశోధనా వ్యాసం అచ్చయింది. డెన్మార్క్‌కి చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, ఆయనతో పాటు మెహతా, గుప్తా, దఫ్తరీ తదితరులు 10,169 మంది గ్రామస్తుల చేత నోరు తెరిపించి అంగిళ్లు పరీక్షించారు. కారణం అడ్డపొగ. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు ఇక్కడి ఆడవాళ్లలో ఎక్కువ. ఆ వేడికీ పొగకీ అంగిలి మీద మచ్చలు, పుళ్లు, కొందరికి క్యాన్సరు. ఉత్తరాంధ్ర నోరు ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కింది ఆ దారినే.

ఆ అమ్మమ్మల మునిమనవలు ఇప్పుడు నెల్లిమర్లలో షేరు ఆటో ఎక్కి విజయనగరం వెళ్తున్నారు. వాళ్ల నోట్లో కనిపించేది సన్నటి తీగ, పంటికొకటిగా అతికించిన చిన్న బిళ్లలు, వాటి చుట్టూ నీలమో గులాబీయో రంగు రబ్బర్లు. డాక్టర్లు బ్రాకెట్లు అంటారు, ఆర్చ్ వైరు అంటారు. జనానికి అవన్నీ కలిపి క్లిప్పులే.

నెల్లిమర్ల పేరు చెబితే చుట్టుపక్కల వాళ్లకి మొదట గుర్తొచ్చేది జూట్‌మిల్లు, ఆ తర్వాత మిమ్స్. మహారాజా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ 2002లో వచ్చాక పెద్ద రోగానికైనా ఊరు దాటకుండా చూపించుకునే వీలు దొరికింది. క్లిప్పుల సంగతి అలా కాదు. అది ఒకసారి వెళ్లి మందు రాయించుకుని వచ్చే వైద్యం కాదు. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల పాటు, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, అదే డాక్టరు కుర్చీలో కూర్చోవాలి. వెళ్లిన ప్రతిసారీ పిల్లకి బడి పోతుంది, తోడు వెళ్లిన తండ్రికి కూలి పోతుంది. ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు ఫీజు ఒక్కటే చూసి ముందుకు దిగినవాళ్లు మధ్యలో ఆగిపోయేది ఇక్కడే. సగంలో ఆపేసిన క్లిప్పులు అసలు వేయించుకోకపోవడం కన్నా చెడ్డవి. తీగ పట్టులేక పళ్లు ఎటు తోస్తే అటు జరుగుతాయి, బిళ్లల చుట్టూ పాచి పేరుకుని పుచ్చు మొదలవుతుంది.

అయితే ఈ కథ క్లిప్పుల దగ్గర మొదలుకాదు. పాలపన్ను దగ్గర మొదలవుతుంది.

తెలుగిళ్లలో ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసిరే ఆనవాయితీ చాలా చోట్ల ఉంది. ముద్దుగానే ఉంటుంది. కానీ పాలపన్ను మీద మనకున్న చులకన కూడా అందులో కొంత కనిపిస్తుంది. పుచ్చిందంటే, ‘పాలపన్నే కదేటి, ఊడిపోయేదానికి డబ్బులెందుకూ?’ అనేస్తారు. పాలపళ్లు ఇరవై. అందులో దవడ పళ్లు పది నుంచి పన్నెండేళ్ల వయసు దాకా ఉండాల్సినవి. కింద తయారవుతున్న శాశ్వత పంటికి అవి చోటు కాపాడుతుంటాయి. ఆరేళ్లకే ఒకటి పీకేయిస్తే జరిగేది పెద్దపండగ నాటి బస్సులో సీటు లేచినట్టే: వెనకున్నది జరిగి కూర్చుంటుంది. అసలు హక్కుదారు వచ్చేసరికి చోటుండదు, పక్కకో పైకో వంకరగా మొలుస్తుంది. అలాంటప్పుడు పన్ను పోయిన చోట చిన్న కడ్డీలాంటి స్పేస్ మెయింటెయినర్ బిగిస్తారు. ఆ పనిలో పెద్దగా నొప్పీ ఉండదు, పెద్దగా ఖర్చూ ఉండదు. రెండేళ్ల క్లిప్పుల వైద్యాన్ని కొందరికి అదే తప్పిస్తుంది, మరి కొందరికి తేలిక చేస్తుంది. అయినా మన దగ్గర దాని పేరు విన్న తల్లిదండ్రులు తక్కువే.

పళ్ల వరుస నిపుణుడికి బిడ్డను మొదటిసారి ఎప్పుడు చూపించాలి? అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ చెప్పే మాట, ఏడేళ్లు నిండేలోపు. అప్పుడే క్లిప్పులు వేయమని దాని అర్థం కాదు. ఆరేళ్లకి మొదటి శాశ్వత దవడ పళ్లు వస్తాయి, వెనకే ముందు పళ్లు. పై దవడ, కింద దవడ ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చుంటున్నాయో అప్పటికి తెలిసిపోతుంది. చూపించిన పిల్లల్లో ఎక్కువమందికి ఆ వయసులో చేయాల్సిందేమీ ఉండదు, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ రమ్మంటారు. కొద్దిమంది విషయంలో మాత్రం ఆ ఒక్క చూపు పదేళ్ల తర్వాత ఆపరేషన్‌ను తప్పించవచ్చు.

కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, కింది పళ్లు పై పళ్లను కప్పేస్తున్న పిల్లలను తీసుకోండి. సమస్య కొన్నిసార్లు పై దవడ ఎదగకపోవడం. ఎనిమిది, పదేళ్ల వయసులో అయితే ముఖానికి తగిలించే ఫేస్‌మాస్క్‌తో పై దవడను ముందుకు లాగే అవకాశం ఉంది. పద్దెనిమిదేళ్లకి వస్తే ఎముక ఎదుగుదల ముగిసిపోయి ఉంటుంది. ఇక మిగిలేది క్లిప్పులతో సర్దుబాటు, లేదా దవడ కోసి జరిపే శస్త్రచికిత్స.

పై అంగిలి ఇరుకుగా ఉన్నవాళ్లకి ఎక్స్‌పాండర్ ఉంది. అంగిలికి అడ్డంగా బిగించే చిన్న మర. దానికొక తాళంచెవి. డాక్టరు చెప్పిన లెక్కన ఇంట్లో అమ్మే తిప్పాలి, ఒక్కో తిప్పుకి దాదాపు పావు మిల్లీమీటరు. అంగిలి మధ్య అతుకు ఇంకా గట్టిపడని వయసులో ఆ అతుకు తెరుచుకుని, మధ్యలో కొత్త ఎముక నిండుతుంది. ముందు పళ్ల మధ్య హఠాత్తుగా సందు వచ్చిందని తల్లులు కంగారు పడతారు. ఆ సందు వచ్చిందంటే మర పని చేస్తోందని గుర్తు.

కింది దవడ వెనక్కి ఉండి పై పళ్లు ఎత్తుగా కనిపించే పిల్లలు మన దగ్గర చాలామంది. బడిలో పెట్టే పేర్లన్నీ వాళ్లకే. వాళ్లకి ట్విన్ బ్లాక్ అనే రెండు దిమ్మెల పరికరం వాడతారు, స్కాట్లాండ్ దంతవైద్యుడు విలియం క్లార్క్ రూపొందించినది. నోరు మూస్తే దిమ్మెల ఏటవాలు కింది దవడను ముందుకు నడుపుతుంది. ఆడపిల్లలకి పది నుంచి పన్నెండేళ్లు, మగపిల్లలకి పన్నెండు నుంచి పద్నాలుగు మధ్య, పొడుగు సాగే కాలంలో ఇది బాగా పట్టుకుంటుంది. మేనరికపు పెళ్లి మాటలు మొదలయ్యే వయసు దాకా ఆగితే ఆ అవకాశం ఉండదు.

అలవాట్లు కూడా దవడను మలుస్తాయి. బొటనవేలు చప్పరించడం నాలుగేళ్ల లోపు మానితే సాధారణంగా నష్టం ఉండదు. శాశ్వత ముందు పళ్లు వచ్చాకా సాగితే పై పళ్లు ముందుకూ, అంగిలి ఇరుకుగానూ తయారవుతాయి. నోరు తెరుచుకుని గురకపెట్టే పిల్లలకి ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగాయేమో ముందు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. ముక్కు మూసుకుపోయిన పిల్లకి పళ్లకు మాత్రమే తీగ కడితే సగం వైద్యం.

ఇక్కడే ఒక ఊరట మాట కూడా చెప్పాలి. ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య చాలామంది పిల్లలకి పై ముందు పళ్ల నడుమ సందు ఉంటుంది, పళ్లు విసనకర్రలా విచ్చుకుని కనిపిస్తాయి. కోరపళ్లు దిగేసరికి ఆ సందు చాలావరకు తనంతట తానే మూసుకుంటుంది. 1937లో అమెరికన్ నిపుణుడు బ్రాడ్‌బెంట్ దీనికి ‘అందవికారపు బాతుపిల్ల దశ’ అని పేరు పెట్టాడు. ఆ వయసులో కనబడిన ప్రతి సందుకూ తీగ వేస్తామనే చోట ఒకటికి రెండుసార్లు ఆలోచించడం మంచిది.

ఇంతకీ ఎముకలో పాతుకున్న పన్ను ఎలా జరుగుతుంది? పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. చుట్టూ చాలా పల్చటి నారపొర ఒకటి ఉంటుంది. తీగ ఒకవైపు తోసినప్పుడు ఆ వైపు పొర నలిగి, ఎముకను కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. ఎదురువైపు పొర సాగి, ఎముకను కట్టే కణాలు మేల్కొంటాయి. ముందు గోడ కరుగుతూ, వెనక గోడ లేస్తూ, పన్ను నెలకి సుమారు ఒక మిల్లీమీటరు నడుస్తుంది. ‘ఇంకాస్త గట్టిగా బిగించండి డాక్టరు గారూ, తొందరగా అయిపోతుంది’ అనేవాళ్లకు సమాధానం ఈ పొరలోనే ఉంది. బలం ఎక్కువైతే అక్కడ రక్తం ఆడక కణాలు చచ్చిపోతాయి, పన్ను జరగడం ఆగిపోతుంది, వేరు కొస కరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది. తీగ మార్చిన మూడు నాలుగు రోజులు నొప్పి ఉంటుంది. ఆ తర్వాత కూడా భరించలేనంత నొప్పి ఉంటే డాక్టరుకి చెప్పాలి, ఓర్చుకోకూడదు.

పళ్లను తోసి సరిచేయవచ్చన్నది పాత ఆలోచనే. 1728లో ఫ్రాన్స్‌లో పియర్ ఫోషార్ తన దంతవైద్య గ్రంథంలో లోహపు పట్టీతో పళ్లు సర్దే పద్ధతి రాశాడు. దాన్ని శాస్త్రంగా కూర్చినవాడు అమెరికన్ ఎడ్వర్డ్ యాంగిల్. పై, కింది మొదటి శాశ్వత దవడ పళ్లు ఎలా కలుస్తాయన్నదాన్ని బట్టి 1899లో ఆయన చేసిన మూడు తరగతుల విభజననే ఈనాటికీ విశాఖలోనైనా వియన్నాలోనైనా డాక్టర్లు కేసు షీటు మీద రాస్తారు. ఆయనకొక పట్టుదల ఉండేది: ఏ పన్నూ పీకకూడదు, దేవుడిచ్చినవన్నీ వరుసలోకి రావాలి. ఆయన శిష్యులే ఆ మాట దాటారు. చార్లెస్ ట్వీడ్, పీకకుండా సరిచేసిన తన కేసుల్లో పళ్లు మళ్లీ ఎత్తుగా తేలడం చూసి, ఆ కేసులను తిరిగి తెరిచి పళ్లు తీసి సరిచేశాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చి యాంగిల్ దగ్గర చదువుకున్న రేమండ్ బెగ్ కూడా అదే దారి పట్టాడు. సన్నటి గుండ్రటి తీగతో ఆయన తయారుచేసిన బెగ్ పద్ధతి మన దేశంలోని దంత కళాశాలల్లో చాలాకాలం రాజ్యమేలింది.

ఈ తగువు మన వీధుల్లోకి వేరే రూపంలో వచ్చింది. పళ్లు ఇరుగ్గా ఉన్నవాళ్లకి చోటు కోసం నాలుగు చిన్న దవడ పళ్లు, పైన రెండు కింద రెండు, తీయాలని డాక్టరు చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్లు అడ్డం పడతారు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని భయం. పంటికి వెళ్లే నరం వేరు, చూపుకి పనిచేసే నరం వేరు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: ఈ ముఖానికి, ఈ దవడకి పళ్లు తీయడం నిజంగా అవసరమా? దానికి జవాబు పక్కవాటు ఎక్స్‌రేలో, పళ్ల అచ్చుల కొలతల్లో ఉంటుంది. అవి లేకుండా నోట్లోకి ఒకసారి తొంగి చూసి ‘నాలుగు పళ్లు తీసేద్దాం’ అన్న చోట నుంచి లేచి రావడమే మంచిది.

తీగకి కూడా ఒక చరిత్ర ఉంది. 1959 ప్రాంతంలో అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ క్షిపణుల మొన కోసం వేడికి తట్టుకునే లోహం వెతుకుతూ నికెల్, టైటానియం కలిపిన మిశ్రమం మీద పడ్డాడు. వంచినా వేడి తగలగానే పాత ఆకారానికి వచ్చేసే గుణం దానిది. 1970ల్లో అయోవా విశ్వవిద్యాలయంలో జార్జ్ ఆండ్రియాసెన్ దాన్ని పళ్ల తీగగా మార్చాడు. ఈనాడు క్లిప్పులు వేసిన మొదటి నెలల్లో నోట్లో ఉండేది సాధారణంగా ఆ తీగే. వంకర పంటి దగ్గర వంగి, నోటి వేడికి తన ఆకారం గుర్తు తెచ్చుకుని పంటిని వెంట తీసుకొస్తుంది. పళ్లు ఒక వరుసకి వచ్చాక గట్టి స్టీలు తీగలు వస్తాయి. లోహం కనబడకూడదనుకునే వాళ్లకి పంటిరంగు సెరామిక్ బిళ్లలున్నాయి, పంటి లోపలివైపు అతికించేవీ ఉన్నాయి. ధర పెరుగుతుంది, పని అదే.

పారదర్శక అలైనర్లది కొత్త కథ. 1997లో జియా చిష్తీ, కెల్సీ వర్త్ కాలిఫోర్నియాలో అలైన్ టెక్నాలజీ మొదలుపెట్టారు. నోటి కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, కొంచెం కొంచెంగా మారే ప్లాస్టిక్ తొడుగుల వరుస తయారు చేసి, వారానికో రెండు వారాలకో ఒకటి మార్చుకునేలా చేశారు. తినేటప్పుడు తీసేయొచ్చు, పళ్లు తోముకోవచ్చు. రోజుకి ఇరవై, ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే బీరువాలో ఉన్నట్టే లెక్క. ఖర్చు సాధారణంగా లోహపు క్లిప్పుల కన్నా ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదు, తొడుగులు ఇంటికే పంపుతామని 2014లో మొదలైన అమెరికన్ సంస్థ స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది. వైద్యం సగంలో ఉన్నవాళ్లు ఎవరిని అడగాలో తెలియక మిగిలిపోయారు. ఫోన్లో ప్రకటన చూసి ఇక్కడ ఆర్డరు పెట్టాలనుకునే వాళ్లు ఆ పేరు గుర్తుంచుకోవాలి. చిగుళ్లు ఎలా ఉన్నాయో, వేరు ఎంత పొడుగుందో, ఎముక ఎంత మిగిలిందో ఫోన్ కెమెరాకి కనబడదు.

పెద్దవాళ్లూ వస్తున్నారు. హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ దాదాపు నలభై ఏళ్ల వయసులో, 2002లో క్లిప్పులతో కనిపించినప్పుడు వార్త అయింది. ఇప్పుడు ఉద్యోగం వచ్చి మొదటి జీతాలతో వేయించుకునేవాళ్లు, పెళ్లి సంబంధాలు చూస్తుండగా వచ్చేవాళ్లు, పిల్లకి వేయిస్తూ తానూ కుర్చీ ఎక్కే తల్లులు ఉన్నారు. వయసు అడ్డం కాదు. చిగుళ్ల జబ్బు అడ్డం. మధుమేహం అదుపులో లేకపోవడం అడ్డం. పొగాకు అడ్డం. ఎముకలు గుల్లబారకుండా కొన్ని మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి, ఎందుకంటే అవి ఎముక కరిగే, కట్టే పనినే మందగింపజేస్తాయి. పెళ్లికి ఆరు నెలలుండగా వచ్చి అన్నీ సర్దేయమనేవాళ్లకి నిజాయితీ ఉన్న డాక్టరు కుదరదనే చెబుతాడు.

అందం మాటకొస్తే, అన్ని వంకరలూ లోపాలు కావు. జపాన్‌లో కోరపన్ను పైకి పొడుచుకొచ్చిన నవ్వును ముద్దుగా చూసేవాళ్లున్నారు, కొందరు డబ్బిచ్చి మరీ పెట్టించుకున్నారు. నమలడం, మాట్లాడటం, తోముకోవడం ఇబ్బంది లేనప్పుడు ఓ పన్ను మీద పన్ను ఉంటే ఉండనివ్వండి. కింది పళ్లు పై చిగురును గుచ్చుతున్నా, ఎత్తు పళ్లు పడినప్పుడల్లా విరిగే ప్రమాదం ఉన్నా అది అందం సంగతి కాదు.

క్లిప్పులున్న రెండేళ్లూ పండగలు కష్టమే. తేగ, చెరకు ముక్క, జంతిక, నువ్వుల ఉండ, వేరుశనగ పాకం, ఏది కొరికినా బిళ్ల ఊడుతుంది. ఊడిన బిళ్ల అంటే మరో ప్రయాణం, వైద్యంలో మరో నెల. అరిసె మెత్తగా ఉంటే పరవాలేదు. తేగ తినాలనిపిస్తే చాకుతో సన్నగా తరిగి వెనక పళ్లతో నమలాలి. తిన్న ప్రతిసారీ తోముకోవాలి, లేకపోతే క్లిప్పులు తీశాక బిళ్ల చుట్టూ తెల్లటి మచ్చలు మిగిలిపోతాయి. తీగ కొస బుగ్గను గీరితే డాక్టరిచ్చే మైనం ముద్ద అద్దితే చాలు.

అసలు పరీక్ష క్లిప్పులు తీసిన రోజు మొదలవుతుంది. కొత్త చోటికి వచ్చిన పంటి చుట్టూ నారలు ఇంకా పాత దిక్కుకే లాగుతుంటాయి. పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచే రిటైనర్‌ను మొదట్లో డాక్టరు చెప్పినన్నాళ్లు విడవకుండా, ఆ తర్వాత రాత్రిళ్లు పెట్టుకోవాలి. వంద రూపాయల ప్లాస్టిక్ డబ్బాలో రిటైనర్ ఎండబెట్టి, రెండేళ్ల శ్రమను ఆరు నెలల్లో పోగొట్టుకునేవాళ్లు ఎంతమందో ప్రతి క్లినిక్కుకీ తెలుసు.

ఎక్కడికి వెళ్లాలన్నది నెల్లిమర్ల వాళ్ల అసలు ప్రశ్న. రాష్ట్రంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు విజయవాడ, కడపల్లోనే ఉన్నాయి, ఉత్తరాంధ్రకి ఒక్కటీ లేదు. దగ్గర్లో తగరపువలస పక్కన సంగివలసలో అనిల్ నీరుకొండ దంత వైద్య సంస్థ, విశాఖ రుషికొండలో గీతం దంత కళాశాల, శ్రీకాకుళం వైపు శ్రీ సాయి దంత కళాశాల ఉన్నాయి. కళాశాలల్లో ఖర్చు క్లినిక్కుల కన్నా తక్కువ. అధ్యాపకుల కనుసన్నల్లో పీజీ విద్యార్థులు వైద్యం చేస్తారు. ఒక చిక్కుంది: ఆ విద్యార్థి చదువు మూడేళ్లు. మీ కేసు ముగియకముందే అతని చదువు ముగిస్తే కొత్త చేతికి మారాలి. కాబట్టి మొదటి ఏడాది చదువుతున్న విద్యార్థికి కేసు అప్పగించమని అడగండి, తప్పేమీ లేదు. చిన్న పట్టణాల ప్రైవేటు క్లినిక్కుల్లో నిపుణుడు నెలకి కొన్ని రోజులే వస్తాడు. ఆ రోజులేవో, రాని రోజుల్లో తీగ గుచ్చితే ఎవరు చూస్తారో ముందే తెలుసుకోండి. ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా ఈ ఖర్చు ఇవ్వవు.

ఒక కోవ పిల్లలకి మాత్రం ఇది అందం, ఖర్చు అన్న చర్చే కాదు. గ్రహణపు మొర్రితో, చీలిన అంగిలితో పుట్టినవాళ్లు. పెదవి కుట్టిన ఆపరేషన్‌తో వాళ్ల వైద్యం అయిపోయిందనుకుని ఇంటికెళ్లిపోయే కుటుంబాలు ఎక్కువ. నిజానికి కోరపన్ను దిగే ముందు, సుమారు ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, చీలికలో ఎముక నింపాలి. దానికి ముందు అంగిలి వెడల్పు చేయాలి. తర్వాత క్లిప్పులు, కొందరికి పద్దెనిమిది దాటాక దవడ శస్త్రచికిత్స. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చే బృందాలు ఈ లోపాన్ని కూడా గుర్తించి జిల్లా కేంద్రానికి పంపాలి. మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే ఏఎన్ఎంకి చెప్పండి.

మిగతా వాళ్లు చేయాల్సింది తేలికే. ఇంట్లో ఆరేడేళ్ల బిడ్డ ఉంటే వచ్చే సెలవుల్లో ఒక పూట పళ్ల డాక్టరుకి చూపించండి. తీగ వేయాలని చెబితే, వేసేవాళ్ల బోర్డు మీద ఎం.డి.ఎస్. ఆర్థోడాంటిక్స్ అని ఉందో లేదో చూడండి. ఎక్స్‌రే తీశారా, ఎన్ని నెలలు పడుతుంది, మొత్తం ఎంత, రిటైనర్ ఆ లెక్కలోనే ఉందా అని అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.